స్మాష్ ఆడాక ఎవరింటికి వెళ్లాలి? వారియో, లూయీజీ, ఓలిమార్, నెస్... ముందు ఏది కొనాలి

పోయిన సంక్రాంతికి మా ఇంట్లో జరిగింది చెప్తే ఈ పోలిక ఎందుకు రాస్తున్నానో మీకే తెలుస్తుంది. మాది రాజోలు దగ్గర ఊరు. కువైట్ నుంచి సెలవు మీద వచ్చిన మా బావ నింటెండో స్విచ్ అనే గేమ్ మెషిన్ పట్టుకొచ్చాడు, దాంట్లోకి ఒకే ఒక్క గేమ్, వేర్వేరు గేముల హీరోలందరూ ఒకచోట చేరి కొట్టుకునే సూపర్ స్మాష్ బ్రదర్స్ అల్టిమేట్, స్మాష్ అంటున్నది దీన్నే. ఇక చూస్కోండి, మూడు రోజులూ బయట బరిలో కోళ్లు, లోపల టీవీలో వీళ్లు. భోగి పొద్దున్న మొదలెడితే కనుమ సాయంత్రానికి ఇంట్లో పిల్లలందరికీ తలా ఒక ఫైటర్ ఖాయమైపోయాడు. ఆ తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి. మావయ్యా, ఈ పసుపు టోపీ లావాటాయన ఎవరు? ఈ ఎర్ర టోపీ పిల్లాడి సొంత గేమ్ ఏది? ఈ గాజు హెల్మెట్ పెట్టుకున్నాయన వెనకాల ఆ మొక్కలేంటి, ఆయన వాటిని జనం మీదకి ఎందుకు విసురుతున్నాడు?

మారియో, జెల్డా, పోకేమాన్ గురించి ఎవరికీ ఎవరూ చెప్పక్కర్లేదు. చిక్కంతా మిగతా వాళ్లతోనే. 1999లో మొదటి స్మాష్ వచ్చినప్పుడు 12 మంది ఉండేవాళ్లు, 2018లో వచ్చిన అల్టిమేట్‌లో డీఎల్‌సీలతో (తర్వాత విడిగా అమ్మిన ఫైటర్లతో) కలిపి లెక్కేస్తే 89 మంది. వీళ్లలో చాలామంది చిన్న సిరీస్‌ల వాళ్లు, లేదంటే మారియోకి పాలివాళ్లు, అంటే వారియో, యోషి, లూయీజీలాగా అన్న ఇంట్లోంచి వేరుపడి సొంత కాపురం పెట్టుకున్నవాళ్లు. ఒక్కొక్కరికీ విడిగా గేములున్నాయి. అన్నీ కొనలేం. ముందు ఏది?

నేను ఈ ఏడాది పొడుగునా వీటి మీద డబ్బులూ నిద్రా పోగొట్టుకున్నాను కాబట్టి చెప్తున్నా, మొదట ఒక మాట గుర్తుపెట్టుకోండి. స్మాష్‌లో మీకు నచ్చిన ఫైటర్ సొంత గేమ్‌లో అలా ఉండడు. కెప్టెన్ ఫాల్కన్‌నే తీసుకోండి. ఫాల్కన్ పంచ్ అని అరుస్తూ గుద్దుతాడే, అది పుట్టింది స్మాష్‌లోనే, ఆయన సొంత గేమ్ ఎఫ్-జీరో రేసుల్లో చేత్తో ఎవరూ ఎవర్నీ గుద్దరు, ఆయన కారులోంచి దిగడు కూడా. నెస్ విసిరే పీకే ఫైర్, పీకే థండర్ అయితే మరీ విచిత్రం, తన సొంత గేమ్ ఎర్త్‌బౌండ్‌లో అవి నెస్‌కి రానే రావు, పక్కనుండే పౌలా అనే అమ్మాయి విద్యలవి. అందుకని ఫైటర్‌ని చూసి గేమ్ కొనకండి. మీ ఇంటిని చూసుకుని కొనండి.

ఏం చూసుకోవాలి

నా లెక్కలో ఐదు ఉన్నాయి, కానీ మొదటి రెండే అసలైనవి.

టీవీ ముందు ఎంతమంది కూర్చుంటారు అన్నది మొదటిది. స్మాష్‌లో ఎనిమిది మంది దాకా ఒకేసారి కొట్టుకోవచ్చు కాబట్టి అందరికీ అదే అలవాటైపోతుంది, తర్వాత ఒక్కరో ఇద్దరో ఆడే గేమ్ తెస్తే మిగతావాళ్లు మీ మొహం చూస్తూ కూర్చుంటారు. నేను ఈ తప్పు చేశాను. వేసవి సెలవులకి కెప్టెన్ టోడ్ తెప్పించాను, ముద్దుగా ఉంటుంది, 2018లో స్విచ్‌కి వచ్చింది, ధర కూడా తక్కువే. తీరా చూస్తే అది తీరిగ్గా బొమ్మరిల్లు లాంటి అంచెని, అంటే స్టేజ్‌ని, తిప్పి తిప్పి చూసుకుంటూ ఆడాల్సిన గేమ్, మన హీరోకి గెంతడం కూడా రాదు. ఏడుగురు పిల్లలు, ఒక్క టోడ్. పావుగంటలో చెరువుగట్టుకి పోయారందరూ. గేమ్ తప్పు కాదు, ఇప్పటికీ రాత్రిపూట నేనొక్కణ్నే కూర్చుంటే దానంత హాయి ఇంకోటి లేదు.

రెండోది, ఒక్క విడతలో ఎంతసేపు ఆడగలరు. మన దగ్గర తుఫాను రోజుల్లో కరెంటు సంగతి తెలిసిందే కదండీ. స్విచ్‌కి సొంత బ్యాటరీ ఉంటుంది కాబట్టి టీవీ పోయినా డాక్ (టీవీకి కలిపే స్టాండు) లోంచి లాగి చేత్తో పట్టుకుని ఆడేయొచ్చు, కానీ కొన్ని గేములు అలా చేత్తో పట్టుకుంటే ఆడటానికి ఒప్పుకోవు. అదొకటి చూసుకోవాలి.

మూడు, ఇంగ్లీష్ ఎంత చదవాలి. నాలుగు, ఆ గేమ్ ఇప్పుడు మామూలు స్విచ్‌లో దొరుకుతుందా, లేక ఎప్పుడో ఆగిపోయిన మెషిన్ వెతుక్కోవాలా. ఐదు, నెట్. మా వీధిలో కొబ్బరి మట్ట ఒకటి పడితే చాలు, ఫైబర్ వైరు తెగి రెండు రోజులు అంతే సంగతులు. నిరంతరం నెట్ కావాల్సిన గేమ్ మీద డబ్బులు పెట్టేముందు మీ ఇంటికొచ్చే వైరు ఎన్ని కొబ్బరిచెట్ల కింద నుంచి వస్తోందో ఒకసారి చూసుకోండి, నవ్వులాటకి అనడం లేదు.

డబ్బుల సంగతి ఇక్కడే చెప్పేస్తా. నింటెండో ఆన్‌లైన్ దుకాణం ఈషాప్‌లో ఇండియా లేదు, కాబట్టి మనవాళ్లు ఎక్కువగా గల్ఫ్ నుంచో అమెరికా నుంచో వచ్చేవాళ్లతో క్యాసెట్ తెప్పించుకుంటారు (మా అమ్మ ఇప్పటికీ క్యాసెట్ అనే అంటుంది, నాకూ అదే వచ్చేసింది). స్విచ్ క్యాసెట్లు దాదాపు ఏ దేశంలో కొన్నా ఎక్కడైనా ఆడతాయి, ఆ భయం వద్దు. అమెరికాలో లిస్ట్ ధర లూయీజీస్ మాన్షన్ 3కీ పిక్మిన్ 4కీ 60 డాలర్లు, వారియోవేర్‌కి 50. దీనికి పక్కన స్విచ్ ఆన్‌లైన్ అనే సభ్యత్వం ఉంది, ఒక్కరికి ఏడాదికి 20 డాలర్లు, అందులో పాత గేములు బోలెడు వస్తాయి. చిన్న సిరీస్‌ల విషయంలో ఈ సభ్యత్వమే సగం సమస్య తీరుస్తుంది, ఎందుకో కింద చెప్తా.

ముందు ఒక్క చూపులో:

| సిరీస్ | స్విచ్‌లో ఆడాల్సింది | ఎంతమందికి | ఇంగ్లీష్ | నెట్ |
|---|---|---|---|---|
| వారియోవేర్ | మూవ్ ఇట్ (2023) లేదా గెట్ ఇట్ టుగెదర్ (2021) | నలుగురి దాకా | ఒకటి రెండు మాటలు | అక్కర్లేదు |
| లూయీజీస్ మాన్షన్ | 3వ భాగం (2019) | ఇద్దరు, పార్టీ ఆటల్లో ఎక్కువమంది | కొంచెం | అక్కర్లేదు |
| యోషి | క్రాఫ్టెడ్ వరల్డ్ (2019) | ఇద్దరు | దాదాపు లేదు | అక్కర్లేదు |
| పిక్మిన్ | 4వ భాగం (2023) | ఒక్కరికే అనుకోండి | మధ్యస్థం | అక్కర్లేదు |
| పంచ్-అవుట్ | ఎనభైల నాటి ఎన్‌ఈఎస్ మెషిన్ గేమ్, సభ్యత్వంతో | ఒక్కరు, వంతులేసుకుని | తక్కువ | అప్పుడప్పుడు |
| ఎఫ్-జీరో | ఎఫ్-జీరో 99 (2023), సభ్యత్వంతో | ఒక్కరు, నెట్‌లో 99 మంది | లేదు | ఆడినంతసేపూ కావాలి |
| మదర్ / ఎర్త్‌బౌండ్ | ఎర్త్‌బౌండ్, సభ్యత్వంతో | ఒక్కరు | చాలా ఎక్కువ | అప్పుడప్పుడు |
| కిడ్ ఇకారస్ | పాత 1986 గేమ్, సభ్యత్వంతో | ఒక్కరు | తక్కువ | అప్పుడప్పుడు |

వారియోవేర్: ఇల్లు నిండా జనం ఉంటే

వారియో 1992లో గేమ్‌బాయ్‌లో మారియోకి విలన్‌గా వచ్చాడు, తర్వాత వారియో ల్యాండ్ అని సొంత గేములు, 2003 నుంచి వారియోవేర్. స్మాష్‌లో ఆ వారియోవేర్ అంచె మీద కొట్టుకుంటుంటే మధ్యలో ఉన్నట్టుండి చిన్న ఆట ఒకటి ఊడిపడుతుంది చూడండి, చేస్తే బహుమతి, సిరీస్ మొత్తం అదే. నాలుగైదు సెకన్ల ఆటలు, స్విచ్‌లోని ఒక్కో భాగంలో రెండు వందలకి పైగా. తప్పించుకో, పట్టుకో, ముక్కులో వేలు పెట్టు, అయిపోయింది, తర్వాతది. ఏం జరుగుతుందో అర్థమయ్యేలోపే ఓడిపోతాం, అదే దాంట్లో నవ్వు.

స్విచ్‌లో రెండు ఉన్నాయి. గెట్ ఇట్ టుగెదర్‌లో మనం పట్టుకున్న మనిషిని బట్టి ఆట మారిపోతుంది, ఒకడు స్కేట్‌బోర్డ్ మీద ఆగకుండా పోతూనే ఉంటాడు, ఇంకొకడు ఎగురుతాడు, దీంతో ఒకే చిన్న ఆట ఒకరికి తేలిక, ఇంకొకరికి నరకం. స్మాష్ ఆడి చేయి తిరిగిన పిల్లలకి ఇది బాగా పడుతుంది. మూవ్ ఇట్ అలా కాదు. జాయ్‌కాన్ (స్విచ్‌తో వచ్చే చిన్న కంట్రోలర్) చేత్తో పట్టుకుని లేచి నిలబడి, నడుం మీద చేతులు పెట్టి, కోడిలాగా వంగి, ఇలా ఒళ్లంతా ఊపాలి. మా మేనత్త, జీవితంలో రిమోట్ తప్ప ఇంకేదీ పట్టుకోని మనిషి, అరవై దాటింది, ఆవిడ మా ఇంజనీరింగ్ కుర్రాణ్ని ఓడించింది. చెప్పానుగా, ఇంగ్లీష్ మాట ఒకటే కనబడుతుంది, అది చదవకపోయినా బొమ్మ చూస్తే తెలిసిపోతుంది.

ఇబ్బందులు కూడా చెప్పాలి. మూవ్ ఇట్‌ని చేత్తో పట్టుకునే మోడ్‌లో ఆడలేరు, టీవీకి పెట్టాలి లేదా స్విచ్‌ని బల్ల మీద నిలబెట్టాలి. కథ మోడ్‌లో మనిషికి రెండు జాయ్‌కాన్‌లు కావాలి, నలుగురి పార్టీకి తలా ఒకటి, అంటే ఇంకో జత కొనక తప్పదు. మన మండువా లోగిళ్లు అయితే పర్లేదు గానీ, పది బై పది గదిలో నలుగురు చేతులు ఊపితే ఫ్యాను రెక్క తగులుద్ది. పైగా ఒంటరిగా ఆడితే రెండు సాయంత్రాల్లో కథ అయిపోతుంది. అందరూ ఉన్నప్పుడు మాత్రం ఏడాదికి సరిపడా నవ్వు.

లూయీజీస్ మాన్షన్ 3: ఇద్దరికి ఇదే

స్మాష్‌లో లూయీజీ వీపుకి వాక్యూమ్ క్లీనర్ పెట్టుకుని అందర్నీ లోపలికి లాగేస్తాడే, అది ఈ సిరీస్‌దే. 2001లో గేమ్‌క్యూబ్ అనే మెషిన్‌తో పాటు మొదటిది, మూడోది 2019 అక్టోబర్ 31న. పేరుకి దయ్యాల గేమ్, కానీ భయం తక్కువ, భయపడే లూయీజీని చూసి నవ్వే పని ఎక్కువ. పెద్ద హోటల్, ఒక్కో అంతస్తూ ఒక్కో తీరు, పద్నాలుగు పదిహేను గంటల్లో అవుతుంది.

దీని గొప్పంతా గూయీజీలో ఉంది. లూయీజీ ఆకారంలో పచ్చటి జెల్లీ మనిషి. మొదట్లోనే చేతికొస్తాడు, రెండో మనిషి జాయ్‌కాన్ తీసుకుని వాణ్ని ఆడించొచ్చు. ఇనుప ఊచల మధ్యలోంచి దూరిపోతాడు, ముళ్ల మీద నడుస్తాడు. చచ్చినా గేమ్ పోదు, మళ్లీ పుట్టుకొస్తాడు, కాబట్టి చిన్నవాడికి గూయీజీని ఇచ్చి పెద్దవాడు లూయీజీని తీసుకుంటే గొడవ ఉండదు. పెద్ద గండం ఏంటంటే, నీళ్లు తగిలితే కరిగిపోతాడు. మాలాంటి లంక ఊళ్లలో పుట్టి ఉంటే వాడు వారం బతికేవాడు కాదు అని మా మేనకోడలు జాలిపడింది.

పార్టీ ఆటలు కూడా ఉన్నాయి గానీ వాటికోసం ఇది కొనకండి, ఆ పనికి వారియో ఉన్నాడు. అన్నాచెల్లెళ్లకి, కొత్తగా పెళ్లైన జంటకి, లేదా ఒకరు ఆడుతుంటే ఒకరు చూస్తూ అటు చూడు ఇటు చూడు అనే ఇళ్లకి, ఇది. 2024లో రెండో భాగం కూడా హెచ్‌డీలో స్విచ్‌కి వచ్చింది, కథలో ఇద్దరు కలిసి ఆడటం అందులో లేదు కాబట్టి ముందు మూడే తీసుకోండి.

యోషి

ఐదారేళ్ల పిల్లలుంటే క్రాఫ్టెడ్ వరల్డ్. అట్టముక్కలు, కాగితపు కప్పులతో చేసిన లోకం, మెలో మోడ్ పెట్టుకుంటే యోషికి రెక్కలొచ్చి పడిపోడు. ఇద్దరు ఆడొచ్చు. పెద్దవాళ్లకి అరగంటకి ఆవులింతలొస్తాయి. ఇంతకంటే చెప్పడానికేం లేదు.

పిక్మిన్ 4: ఒక్కరు, తీరిక, కొంచెం లెక్క

గాజు హెల్మెట్ ఆయన పేరు ఓలిమార్, ఆ మొక్కలు పిక్మిన్లు. స్మాష్‌లో ఎవరూ సరిగ్గా పట్టించుకోని ఫైటర్ ఆయనే, ఎందుకంటే ఏ రంగు పిక్మిన్ ఏం చేస్తుందో తెలీకుండా ఆడితే ఓడిపోతారు. ఎర్రవి నిప్పుని తట్టుకుంటాయి, పసుపువి కరెంటుని, నీలివి నీళ్లలో మునగవు, ఊదావి బరువు, తెల్లవి విషం. అసలు గేమ్‌లోవే ఈ గుణాలన్నీ స్మాష్‌లోకి దించారు. ఫైటర్‌ని చూసి గేమ్ కొనొద్దన్నాను గానీ ఈయనొక్కడి విషయంలో ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా.

మొదటి పిక్మిన్ 2001లో వచ్చింది. మారియోని చేసిన షిగేరు మియమోతోకి ఈ ఆలోచన తోటపని చేస్తుంటే వచ్చిందట. నాకైతే ఆకుమడి గుర్తొస్తుంది. నేలలోంచి పిక్మిన్‌ని పట్టి పీకుతాం, అచ్చం ఊడ్పులప్పుడు నారు పీకినట్టే, అవి తలలూపుతూ వెనకాల వరసగా వస్తాయి, వందమంది దాకా వెంటేసుకుని పనికి పంపాలి, వీళ్లు ఇటు గోడ కొట్టండి, వాళ్లు అటు బరువు మోయండి, చీకటి పడకముందే అందర్నీ గూటికి చేర్చాలి, చేర్చకపోతే రాత్రి పురుగులు తినేస్తాయి. ఊడ్పుల కాలంలో కూలీల్ని కుదుర్చుకుని పొద్దుగూకేలోపు మడి పూర్తి చేయించిన మా నాన్నకి ఈ గేమ్ ఒక్క నిమిషంలో అర్థమైంది. కంట్రోలర్ పట్టుకోలేదు గానీ పక్కన కూర్చుని ఆ పదిమంది ఖాళీగా ఉన్నారు చూడు అని తిడుతూనే ఉన్నాడు.

నాలుగో భాగంలో ఓచీ అని ఒక కుక్క ఉంటుంది, దాని వీపు మీద అందర్నీ ఎక్కించుకుని నీళ్లు దాటేయొచ్చు, అందుకే కొత్తవాళ్లకి ఇదే మొదలు పెట్టడానికి మంచిది. మొదటి భాగంలో మొత్తం 30 రోజుల్లో పూర్తి చేయాలన్న గడువు ఉంటుంది, టెన్షన్ ఇష్టమైనవాళ్లకి అది, 2023లో అది కూడా స్విచ్‌కి వచ్చింది. ఉచిత డెమో ఉంది పిక్మిన్ 4కి, ముందు అది ఆడి చూడండి. గేమ్‌లో ఒక్కో రోజు చిన్నదే, పావుగంట పైన. కరెంటు పోయినా చేతిలో నడుస్తుంది.

లోపం ఒకటే. మీ పిక్మిన్లు చచ్చినప్పుడు సన్నటి దయ్యాల్లా పైకి తేలిపోతూ ఒక మూలుగు మూలుగుతాయి. మా చిన్నమ్మాయి ఏడ్చింది. మెత్తటి మనసున్న పిల్లలకి ఇవ్వకండి.

పంచ్-అవుట్: పట్టుదల ఉన్నవాళ్లకి

స్మాష్‌లో లిటిల్ మాక్ నేల మీద పులి, గాల్లోకి లేస్తే పిల్లి. ఎందుకంటే ఆయన బాక్సర్, సొంత గేమ్‌లో గెంతడమే లేదు. 1987లో ఎన్‌ఈఎస్‌కి వచ్చిన పంచ్-అవుట్‌లో చివరి ప్రత్యర్థి మైక్ టైసన్, ఆ తర్వాత టైసన్‌ని తీసేసి మిస్టర్ డ్రీమ్‌ని పెట్టారు, సభ్యత్వంలో దొరికేది ఈ రెండోదే. చూడ్డానికి బాక్సింగ్ గానీ నిజానికి ఇది కనిపెట్టే ఆట. ఎదుటివాడు కొట్టేముందు ఏదో ఒక సైగ చేస్తాడు, అది పట్టుకోవాలి. మనదేశం నుంచి కూడా ఒకాయన ఉన్నాడు, గ్రేట్ టైగర్, బొంబాయి అని రాసుంటుంది, తలపాగాలో రాయి మెరిసిందంటే పంచ్ వస్తోందని అర్థం. ఏ దేశంవాణ్ని చూసినా ఇలాగే వెక్కిరింపుగా గీశారు, మనోణ్ని చూసి కోపం తెచ్చుకునే పనైతే అందరూ తెచ్చుకోవాలి.

ఒక్కో పోటీ రెండు మూడు నిమిషాలు. నలుగురు వంతులేసుకుని, ఓడితే పక్కవాడికి ఇచ్చే పద్ధతిలో ఆడితే బ్రహ్మాండంగా ఉంటుంది. టీవీలో గేమ్ మోడ్ ఆన్ చేసుకోండి, లేకపోతే మీరు నొక్కింది కాస్త ఆలస్యంగా పడుతుంది, ఈ గేమ్‌లో ఆ కాస్తే ప్రాణం. సభ్యత్వంలో వెనక్కి తిప్పుకునే సదుపాయం ఉంది, సిగ్గుపడకుండా వాడుకోండి.

ఎఫ్-జీరో 99: భీమవరంలో అయితే సరే

1990 నుంచి ఉన్న సిరీస్. జపాన్‌లో మాత్రమే వచ్చిన 2004 గేమ్ తర్వాత దాదాపు 19 ఏళ్లు కొత్తది లేదు, ఆ తర్వాత 2023 సెప్టెంబర్‌లో ఇది. 99 మంది ఒకే దారిలో, వేగం కోసం వాడే పవరూ మన ప్రాణమూ ఒకటే గీత, ఎంత ఉరికితే అంత చావుకి దగ్గర. రేసు రెండు మూడు నిమిషాల్లో ముగుస్తుంది, ఇంకొక్కటి ఇంకొక్కటి అంటూ అర్ధరాత్రి అవుతుంది. సభ్యత్వం ఉంటే విడిగా కొనక్కర్లేదు.

కానీ నెట్ ఆగితే రేసు పోయినట్టే. భీమవరం, రాజమండ్రి లాంటి చోట నమ్మకమైన లైను ఉన్నవాళ్లకి సై. మాకు వర్షాకాలంలో ఇది బొమ్మల కొలువులో బొమ్మే. ఊళ్లో ఉండి ఫాల్కన్ పిచ్చి ఉన్నవాళ్లు సభ్యత్వంలోనే ఉన్న 1990 నాటి మొదటి ఎఫ్-జీరో ఆడుకోవచ్చు, ఒంటరిగా, వైరు గొడవ లేకుండా. సభ్యత్వపు పాత గేములకి మధ్యమధ్యలో నెట్ తగిలిస్తే చాలు, ఆడినంతసేపూ ఉండక్కర్లేదు. ఇదే ఎర్త్‌బౌండ్‌కీ పంచ్-అవుట్‌కీ వర్తిస్తుంది.

కిడ్ ఇకారస్: వెంటపడకండి

పిట్, పలుటెనా, డార్క్ పిట్, ముగ్గురున్నారు స్మాష్‌లో, వాళ్ల మాటలు వింటే గేమ్ ఎంత సరదాగా ఉంటుందో అనిపిస్తుంది. ఆ మాటల తీరంతా 2012 నాటి కిడ్ ఇకారస్ అప్‌రైజింగ్‌ది, స్మాష్ తీసిన మసహిరో సకురాయ్ తీసిందే అది. అది 3డీఎస్ అనే పాత నింటెండో మెషిన్‌లో తప్ప ఇంకెక్కడా లేదు, 3డీఎస్ ఈషాప్ 2023 మార్చిలో మూసేశారు, కాబట్టి పాత మెషినూ పాత క్యాసెట్టూ రెండూ వెతకాలి. నేను ఆన్‌లైన్‌లో ఒకాయన దగ్గర కొన్నాను, వచ్చిన మెషిన్‌లో కింది స్క్రీన్ సగం పనిచేయలేదు, ఈ గేమ్ ఆడాలంటే ఆ కింది స్క్రీనే కావాలి. ఒకవేళ బాగున్నా చెయ్యి నొప్పెడుతుంది, డబ్బాలోనే ఒక స్టాండు కూడా ఇచ్చారంటే మీరే అర్థం చేసుకోండి.

1986 నాటి మొదటిది సభ్యత్వంలో ఉంది. అందులో ఒక మంత్రగాడు పిట్‌ని వంకాయగా మార్చేస్తాడు, వంకాయకి కాళ్లొచ్చి నడుస్తుంది, ఆస్పత్రి గది దొరికేదాకా కొట్టడానికి చేతులుండవు. గుత్తొంకాయ మీద ప్రేమున్న జిల్లా మనది, ఒకసారి చూడండి, చూసి వదిలేయండి.

ఎర్త్‌బౌండ్: చదివే ఓపిక ఉంటే, ఇంట్లో ఎవరైనా దూరాన ఉంటే

ఎర్ర టోపీ పిల్లాడు నెస్. షిగెసాతో ఇతోయ్ రాసిన మదర్ సిరీస్‌లో రెండోది, జపాన్‌లో 1994, అమెరికాలో 1995లో ఎర్త్‌బౌండ్ అనే పేరుతో. మొదటిదీ ఇదీ 2022 ఫిబ్రవరిలో సభ్యత్వంలోకి వచ్చాయి. స్మాష్‌లో ఇంకో ఫైటర్ లూకస్ ఉండే మదర్ 3 మాత్రం 2006 నుంచీ జపాన్ దాటి రాలేదు, లూకస్ నచ్చినవాళ్లకి నా సానుభూతి.

దీన్ని పిల్లలకి ఇవ్వకండి. నిదానం, పాత బొమ్మలు, మాటలు మాటలు మాటలు, అన్నీ ఇంగ్లీష్‌లో, అదీ వెటకారపు ఇంగ్లీష్. సామాన్ల సంచి చిన్నది, విసుగొస్తుంది. మొదటి రెండు గంటల్లో మానేసేవాళ్లే ఎక్కువ. నేనూ ఒకసారి మానేశాను.

మళ్లీ పట్టుకోవడానికి కారణం చెప్తా. గేమ్ మొదట్లో మీకు ఇష్టమైన తిండి ఏంటని అడుగుతుంది. పులస అని ఇంగ్లీష్ అక్షరాల్లో కొట్టాను. అప్పట్నుంచి నెస్ ఇంటికెళ్లినప్పుడల్లా వాళ్లమ్మ పులస పెట్టి పడుకోబెడుతుంది, సీజనూ లేదు, వేలంపాటా లేదు. ఇల్లొదిలి చాలాకాలం తిరిగితే నెస్‌కి బెంగ పడుతుంది, నిజంగా గేమ్‌లో అదొక జబ్బు, యుద్ధం మధ్యలో కొట్టడం మానేసి అమ్మని తలుచుకుంటూ నిలబడిపోతాడు, ఫోన్ వెతుక్కుని అమ్మతో మాట్లాడితే తగ్గుతుంది.

ఇక నాన్న. నాన్న కనబడడు, గేమ్ మొత్తంలో ఫోన్‌లో గొంతు మాత్రమే. గేమ్ సేవ్ చేయాలంటే ఆయనకే ఫోన్ చేయాలి. నీ అకౌంట్‌లో ఇంత వేశాను అంటాడు, ఏటీఎంకి వెళ్లి తీసుకోవాలి. ఎక్కువసేపు ఆడితే ఆయనే ఫోన్ చేసి కాస్త విశ్రాంతి తీసుకోరా అంటాడు. అమెరికాలో ఆడినవాళ్లకి ఇది జోకులా అనిపించి ఉండొచ్చు. కువైట్, మస్కట్ ఫోన్ల మీద పెరిగిన పిల్లలున్న మా రాజోలు వైపు ఇది జోకు కాదు.

అయితే ఏది?

పండక్కి జనం చేరే ఇల్లైతే మూవ్ ఇట్, ఇంకో జత జాయ్‌కాన్‌లతో. ఇద్దరే అయితే లూయీజీ. ఒక్కరైతే పిక్మిన్ 4 డెమో ముందు. గేముల మీద ఇంకేం ఖర్చు పెట్టనంటే ఏడాది సభ్యత్వం తీసుకుని పంచ్-అవుట్‌తో మొదలెట్టండి, అందులోనే ఐస్ క్లైంబర్, బెలూన్ ఫైట్ కూడా దొరుకుతాయి. తొంభైల్లో టీవీకి తగిలించుకునే వీడియో గేమ్ మీద క్యాసెట్ ఊది ఊది ఆడినవాళ్లు ఇంట్లో ఉంటే వాళ్లని పిలవండి. మా బాబాయ్ స్మాష్‌లో ఐస్ క్లైంబర్లని చూడగానే సుత్తి మనుషులు అని గుర్తుపట్టాడు, బాతుల్ని కొట్టే గేమ్‌లో నవ్వే కుక్కని చూసి అయితే దీన్ని ఇప్పటికైనా కాల్చొచ్చా అని అడిగాడు. స్మాష్‌లో కొట్టొచ్చు, అంతే. ఆ డక్ హంట్ తుపాకి మాత్రం ఇప్పటి ఎల్‌ఈడీ టీవీల మీద పనిచేయదు, అది వెనక డబ్బా ఉండే పాత టీవీ గీతలు గీసే వేగాన్ని పట్టుకుని పనిచేసేది, అటక మీంచి దించి ప్రయోజనం లేదు.

మొన్న బావ ఫోన్ చేశాడు, వచ్చే పండక్కి ఏం తెమ్మంటావని. మూవ్ ఇట్, జాయ్‌కాన్ జత అని చెప్పాను. నాకోసం ఒకటి చెప్పు, రూములో రాత్రిళ్లు ఆడుకోడానికి అన్నాడు. ఎర్త్‌బౌండ్ గురించి చెప్పాను, నాన్న ఫోన్ సంగతితో సహా. ఎప్పుడు చేసినా ఎత్తుతాడా అని అడిగాడు. ఎత్తుతాడు, ఎన్నిసార్లు చేసినా ఎత్తుతాడు అన్నాను. సరే, సభ్యత్వం ఫ్యామిలీ ప్లాన్ తీసుకుంటే ఎనిమిది అకౌంట్లకి వస్తుందట, 35 డాలర్లు, అందరం అందులోనే ఉందాం అని పెట్టేశాడు.